తీర్పుకి ముందు పిలుపు

మూడోసారి ఆ గదిలోంచి వచ్చాక మా ఆవిడకి గోదావరి పోయింది.

నది ఎక్కడికీ పోలేదు లెండి. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కిన సంగతి, వరదకి వాళ్ళింటి అరుగు మునిగిన సంగతి అన్నీ కాత్యాయనికి గుర్తున్నాయి. అడిగితే ఏ ఏడాదో కూడా చెబుతుంది. కానీ అది తన నది కాదు. రైలు రాజమండ్రి వంతెన ఎక్కగానే కిటికీ దగ్గరికి జరిగి, పర్సులోంచి చిల్లర తీసి నీళ్ళలోకి విసిరే మనిషి, ఆ రోజు పేపర్లోంచి తల ఎత్తలేదు.

"గోదావరి వచ్చిందోయ్" అన్నాను.

"చూశానండీ. నీళ్ళు తక్కువగా ఉన్నాయి" అని మళ్ళీ పేపర్లో పడింది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీద మండాలో తెలియక టీ అమ్మేవాడి మీద విరుచుకుపడ్డాను, టీ చల్లారిపోయిందని. పాపం, అది పొగలు కక్కుతోంది.

నా పేరు విశ్వపతి. రేడియోలో వార్తలు చదివి రిటైరయ్యాను. ఎన్ని యుద్ధాలు చదివానో లెక్కలేదు. ఫలానా ఊరిమీద బాంబులు పడ్డాయి, ఇంతమంది పోయారు, ఇక వాతావరణం. గొంతు ఎక్కడా పెరక్కూడదు, తరక్కూడదు. అది నా ఉద్యోగం. మా ఆవిడది అంతకన్నా కష్టమైన ఉద్యోగం. జిల్లా జడ్జీగా చేసి, ఆ తరవాత ప్రపంచ మండలికి మన దేశం తరఫున న్యాయమూర్తిగా వెళ్ళింది. ఎక్కడైనా రెండు దేశాలు కొట్టుకుంటే తప్పెవరిదో తేల్చడానికి పెట్టుకున్న మండలి అది. ఒక్కో దేశం ఒక్కో న్యాయమూర్తిని ఇస్తుంది. ఆ న్యాయమూర్తి మాటే ఆ దేశం మాట.

పేచీ అక్కడే వచ్చింది. తన దేశానికి లాభమేదో, నష్టమేదో చూసుకోకుండా పరాయి యుద్ధం మీద తీర్పు చెప్పే మనిషి భూమ్మీద దొరుకుతాడా? దొరకడు. దొరకడు కాబట్టి గది కట్టారు.

భీమిలి దాటాక సముద్రం వైపు ఒక కొండ ఉంది. దానిమీద డాక్టర్ ఉదయభాను ప్రయోగశాల. ఆవిడ కనిపెట్టింది చెప్పుకోడానికి చిన్న విషయమే. జ్ఞాపకం వేరు, మమకారం వేరు. మెదడులో ఆ రెంటి కాపురాలూ వేరు. మీ అమ్మ మొహం, మీ అమ్మ గొంతు, ఆవిడ పెట్టిన అన్నం ఒకచోట ఉంటాయి. ఆవిడ 'మా అమ్మ' అన్నది ఇంకోచోట ఉంటుంది. ఆ రెండోదాన్ని కాసేపు నిద్రపుచ్చే గది అది. లోపలికి వెళ్ళిన మనిషికి అన్నీ తెలుసు, ఏదీ తనది కాదు. అప్పుడు రెండు దేశాల వాదనలూ వినిపిస్తారు. తీర్పు చెబుతారు. గదికి వాళ్ళు పెట్టిన పేరు నిర్మమ. పేరు బాగానే ఉంది, గదిలోకి వెళ్ళేది వాళ్ళ పెళ్ళాలు కాదుగా.

నిద్రపోయినది దానంతటదే లేవదు. బయటికి వచ్చాక కొద్దిసేపు మెదడు ఇంకా మెత్తగా ఉంటుందట. ఆ వ్యవధిలో ఎవరైనా దగ్గరివాళ్ళు ఎదురుగా కూర్చుని ఒక్కో మమకారాన్నీ పిలవాలి. పిలిస్తే లేస్తుంది. పిలవనిది లేవదు, ఇక ఎప్పటికీ లేవదు. ప్రయోగశాలలో ఆ పని చేసేవాళ్ళని పిలుపుమనుషులు అంటారు. కాత్యాయనికి పిలుపుమనిషిని నేనే.

మొదటిసారి నాకు పిలవడం చేతకాలేదు. బల్లమీద చిన్న దీపం ఉంటుంది, ఆవిడ తలకి పెట్టిన తీగలతో కలిపి. మమకారం లేచిన క్షణాన అది పచ్చగా వెలుగుతుంది. నేను గొంతు సవరించుకుని "మీ అమ్మగారంటే నీకు ఎంతో ప్రేమ" అన్నాను. దీపం ఉలకలేదు. "ఆవిడ నీకోసం ఎన్నో త్యాగాలు చేశారు" అన్నాను. పలకలేదు.

డాక్టర్ ఉదయభాను తల పట్టుకుంది. "విశ్వపతి గారూ, మీరు వార్తలు చదువుతున్నారండీ. ప్రేమలూ త్యాగాలూ పనికిరావు. ఏదన్నా జరిగింది చెప్పండి."

అప్పుడు నాకు, మా అత్తగారు కూతురి జడలు వేసేటప్పుడు దువ్వెన నోట్లో కరుచుకుని తిట్టేవారని గుర్తొచ్చింది. దువ్వెన అడ్డం వచ్చి తిట్లు అర్థమయ్యేవి కావట. అది చెప్పాను. దీపం వెలిగింది. కాత్యాయని బల్లమీద తల పెట్టుకుని "అమ్మ" అంది.

ఆ మొదటిసారి దాదాపు అన్నీ వచ్చేశాయి. రెండోసారి వ్యవధి తగ్గింది, కర్ణాటక సంగీతం రాలేదు. ఇంట్లో తంబురా అలాగే ఉంది, దుమ్ము దులిపి పెడుతుంది. మూడోసారి గోదావరీ, వాళ్ళమ్మా రాలేదు. మా అత్తగారు ఆ చలికాలంలోనే పోయారు. కాత్యాయని అన్నీ దగ్గరుండి జరిపించింది. వచ్చినవాళ్ళకి మజ్జిగ అందిందో లేదో కూడా చూసుకుంది. కంట చుక్క లేదు. ఎంత నిబ్బరం అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. రాత్రి నాతో "ఏడవాలని తెలుస్తోందండీ, దేనికో తెలియడం లేదు" అంది. ఆవిడ బదులు నేను ఏడ్చాను. అత్తగారికోసం అల్లుడు అంతలా ఏడవడం మా వైపు ఎవరూ ఎరగరు.

ఇక మిగిలింది ఇద్దరం. ఒకడు భార్గవ, ఆవిడ తమ్ముడు. తండ్రి పోయేనాటికి వాడు పాలపళ్ళు ఊడే వయసువాడు. మా పెళ్ళి కాకముందు నుంచీ కాత్యాయనే పెంచింది, పెళ్ళయ్యాక ఇద్దరం పెంచాం. మాకు పిల్లలు లేరు, వాడున్నాడు కాబట్టి లేని లోటు తెలియలేదు. ఇప్పుడు సెర్మోరా దేశంలో పొటాష్ ఎగుమతి చేసే రేవులో ఇంజినీరు. భార్య నీరజతో అక్కడే ఉంటున్నాడు. మిగిలిన రెండోవాణ్ణి నేను.

*

ఆ తరవాతి వేసవిలో సెర్మోరాకీ, దాని పక్కనున్న తల్వీన్ అనే చిన్న దేశానికీ యుద్ధం మొదలైంది.

మొదట తప్పు చేసింది తల్వీనే. సరిహద్దు దగ్గర ప్రయాణికుల రైలు మీద గుళ్ళు కురిపించారు. దానికి బదులుగా సెర్మోరా సైన్యం తల్వీన్‌లో ఒక పెద్ద ఊరిని చుట్టేసి, కొండమీది జలాశయం నుంచి ఊళ్ళోకి వచ్చే నీళ్ళు ఆపేసింది. దాడి చేసినవాళ్ళు ఆ ఊళ్ళో దాక్కున్నారు, అప్పగిస్తే నీళ్ళిస్తాం అన్నారు. వారాలు గడిచాయి. ముందు ముసలివాళ్ళు పోయారు, తరవాత పసివాళ్ళు. రేడియోలో నా తరవాత చేరిన అమ్మాయి ఆ వార్త చదివి, వాతావరణంలోకి వెళ్ళిపోయింది. బాగానే చదివింది.

మన పొలాల్లో పడే పొటాష్ ఎరువులో ఎక్కువ భాగం సెర్మోరాదే. వాళ్ళ రేవుల్లో, గనుల్లో మనవాళ్ళు వేలమంది ఉన్నారు, శ్రీకాకుళం నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు. సెర్మోరా ఒక ప్రకటన చేసింది. మండలిలో మాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పిన దేశానికి ఓడలు ఆపేస్తాం, ఆ దేశం పనివాళ్ళని పంపించేస్తాం.

చూడండి ఎంత తమాషాయో. మొదటి మూడు యుద్ధాలూ మనకి సంబంధం లేని దేశాలవి. కాత్యాయని తీర్పు చెప్పినప్పుడల్లా మనవాళ్ళు దండలేశారు, ధర్మం మన నేలమీద ఇంకా బతికే ఉందన్నారు. ఈసారి మా వీధిలో వాళ్ళే వాకింగ్‌లో నన్ను ఆపి "మేడం గారు కాస్త ముందూ వెనకా చూసుకుంటారు కదండీ" అన్నారు.

భార్గవ ఫోన్ చేశాడు.

"బావా, అక్కతో కాదు, నీతోనే మాట్లాడాలి. వీళ్ళు చేస్తున్నది తప్పే. నాకు తెలుసు. ఆ ఊరి నుంచి తప్పించుకొచ్చిన ఒకతను మా రేవులో దొరికాడు. సీసా ఇస్తే నీళ్ళు తాగలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కానీ బావా, మా క్యాంపులో నాలుగువేలమందిమి ఉన్నాం. ఇల్లు సగం కట్టి వచ్చినవాడున్నాడు, చెల్లెలికి డయాలసిస్ చేయిస్తున్నవాడున్నాడు. వాళ్ళంతా నన్ను చూస్తున్నారు. మీ అక్కే కదా అంటున్నారు."

"నేనేం చెయ్యగలన్రా?"

"తెలీదు. అక్కకి చెప్పొద్దు. చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే. ఎవరితోనైనా అనాలనిపించి నీతో అన్నాను."

వాడు ఫోన్ పెట్టేశాడు. చెప్పొద్దన్నది కాత్యాయనికి చెప్పలేదు.

ఆ వారమే ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చాడు. పేరు నరహరి. ఏ శాఖో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. కాత్యాయని ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చాడంటేనే అర్థమైంది, పని నాతోనని. మనిషి మర్యాదస్తుడు. చెప్పులు బయట విప్పి, ఇచ్చిన కాఫీ పూర్తిగా తాగాడు.

"ఆవిడ్ని ఫలానా తీర్పు చెప్పమని అడిగే హక్కు ఎవరికీ లేదండీ. నేను అడగను కూడా" అన్నాడు.

"మరి?"

"గదిలో తీర్పు చెబుతారు. కానీ సంతకం, పిలుపు అయ్యాకే కదా పెట్టేది? మమకారం లేని మనిషి సంతకం చెల్లదని నియమం. సంతకానికి ముందు తీర్పు మార్చుకోవచ్చు కూడా. అందుకని మీరు ముందు వాళ్ళ తమ్ముణ్ణి పిలవండి. అంతే. అబద్ధం చెప్పమనడం లేదుగా? ఉన్న తమ్ముణ్ణే ఉన్నాడని చెప్పమంటున్నాను."

"నన్ను నేను ముందు పిలుచుకుంటే?"

నరహరి ఖాళీ కప్పు పక్కకి జరిపాడు. "ఎల్లుండి మీరు డాక్టరుగారిని కలుస్తున్నారని తెలిసింది. వ్యవధి ఎంత ఉంటుందో ఆవిడే చెబుతారు. విశ్వపతి గారూ, దుర్మార్గులని పేరు పెట్టి మమ్మల్ని తీసిపారెయ్యకండి. పొటాష్ రాకపోతే రెండు పంటలు దెబ్బతింటాయి. పొటాష్ వేసుకునే రైతు తల్వీన్ పేరు కూడా విని ఉండడు. ఆయనా మనిషే. ఆయన తరఫున మాట్లాడేవాడు ఒకడు ఉండాలి కదా."

నాకు ఆయన్ని తిట్టాలని ఉంది. తిట్టడానికి ఏమీ దొరకలేదు. గేటు దాకా వెళ్ళి సాగనంపాను.

డాక్టర్ ఉదయభాను నన్ను కూర్చోబెట్టి మొహమాటం లేకుండా చెప్పింది. "ప్రతిసారీ వ్యవధి కుంచించుకుపోతోందండీ. ఈసారి ఒక్కరిని పిలవగలరు. మీ అదృష్టం బావుంటే ఇంకొకరు, దానికి నేను హామీ ఇవ్వలేను. ఆవిడకి వెళ్ళొద్దనే చెప్పాను."

"దేశం సంగతేంటి? దాన్ని పిలవక్కర్లేదా?"

"దేశం అని పిలిస్తే ఇంతవరకూ ఎవరికీ దీపం వెలగలేదండీ. మనుషుల వెంటే వస్తుంది అది, వస్తే."

*

ఆ సాయంత్రం భీమిలి ఒడ్డున ఇద్దరం నడుస్తున్నాం. పడవలు అప్పుడే వచ్చాయి. ఆడవాళ్ళు చేపలు గంపల్లోకి ఏరుతున్నారు.

"వెళ్ళకు కాత్యా" అన్నాను. "తలనొప్పి అని చెప్పు. వయసైపోయిందని చెప్పు. ఇంకెవరినైనా పంపుకుంటారు."

ఆవిడ కొంతదూరం నడిచాక జవాబు చెప్పింది. కోర్టులో పనిచేసినవాళ్ళతో కాపురం అంటే ఇంతే, ప్రతిదానికీ వాయిదా ఉంటుంది.

"మొదటి మూడూ మనకి నష్టంలేని యుద్ధాలండీ. నాలుగోది మన జేబుకి తగిలేసరికి నేను ఇంట్లో ముసుగుతన్ని పడుకుంటే, ఆ మూడు తీర్పులూ అబద్ధాలైపోతాయి కదా."

"అవనీ. నువ్వు నాకు మిగిలితే చాలు."

"మీరలా అంటే నాకు ఎంత బావుందో తెలుసా?" అంది, నా చెయ్యి పట్టుకుని. ఒడ్డున నలుగురి ముందు నా చెయ్యి పట్టుకోవడం ఆవిడ జీవితంలో అదే మొదలు. "సంతకం నియమం పెట్టించింది నేనే, తెలుసుగా. మండలిలో పోట్లాడి పెట్టించాను. గదిలో తీర్పు చెప్పడం తేలికండీ. ఎవరూ నావాళ్ళు కానప్పుడు ఎవరి నోటి కూడు పోతే నాకేం? బయటికొచ్చి, పోయేది ఎవరిదో తెలిశాక కూడా అదే మాట అనగలిగితే అది తీర్పు. అనలేకపోతే, అనలేకపోయానని రాస్తాను. అదీ నిజమే అవుతుంది."

"ఎవర్ని పిలవాలో చెప్పు మరి."

"చెప్పను. నేను చెబితే ఆ బరువు మీకు తగ్గుతుంది, నాకు పెరుగుతుంది. మీరే చూసుకోండి." నవ్వింది. "ఇన్నేళ్ళూ ఇంట్లో నిర్ణయాలన్నీ నావేనని సణిగారుగా."

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. నన్ను నేను పిలుచుకున్నాననుకోండి. ఆవిడ నాకు మిగులుతుంది. భార్గవ ఆవిడకి పేరుగానే ఉంటాడు కాబట్టి చెయ్యి వణక్కుండా సంతకం పెడుతుంది. ఆ ఊరికి నీళ్ళొస్తాయి. న్యాయమూ గెలుస్తుంది, నా కాపురమూ నిలుస్తుంది. నరహరి మొహం వాడిపోతుంది, అది అదనం. ఎటు చూసినా ఎంత బాగా కుదిరిందో. మరీ బాగా కుదిరినందుకే నాకు భయమేసింది. రెండో దారిలో వాణ్ణి పిలిస్తే, తీర్పు తారుమారు కావచ్చు, పైగా నా పెళ్ళాం నాకు పోవచ్చు. అయినా ఆవిడ అడిగింది ఆ రెండో దారే. నోటితో అడగలేదు గానీ, ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆమాత్రం తెలియదా? తెల్లారేదాకా తెలియనట్టు నటిద్దామని చూశాను.

*

గదిలో వాదనలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా సాగాయి. బయట బెంచీమీద ఒక చివర నేను, ఇంకో చివర నరహరి. క్యాంటీన్ వాళ్ళు పులిహోర పొట్లాలు ఇస్తే ఆయన తనది విప్పకుండా పక్కన పెట్టాడు.

తలుపు తీశారు. కాత్యాయని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. నన్ను చూసి, బస్సులో పక్క సీటులోకి వచ్చినవాడిని చూసినట్టు కొంచెం జరిగింది.

"తీర్పు చెప్పారు" అంది డాక్టర్. "రైలు మీద దాడి తల్వీన్ నేరం. ఊరికి నీళ్ళు ఆపడం సెర్మోరా నేరం, మొదటిది రెండోదానికి సాకు కాదు. వెంటనే నీళ్ళు వదలాలి. కాగితం ఇక్కడుంది. ఇక పిలవండి. ఆలస్యం చెయ్యకండి."

ఎదురుగా కూర్చున్నాను. ఏం చెప్పాలో రెండూ సిద్ధంగా ఉన్నాయి. నన్ను పిలుచుకోడానికి పెళ్ళైన కొత్తలో జరిగినదొకటి ఎంచి పెట్టుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఆవిడ మర్యాదగా ఎదురుచూస్తోంది. ఆ మొహంలో నాకు జడ్జీ కనిపించింది. ఎదుటివాడు నిజమే చెబుతాడని నమ్మి వినే మనిషి.

"నువ్వు లా పరీక్షలకి చదువుతున్నావు" అన్నాను. "వేసంకాలం. కరెంటు పోయింది. లాంతరు పెట్టుకుని చదువుతున్నావు. భార్గవ పక్కన కూర్చుని నీ పుస్తకాల్లోనే ఒకటి తీసి నీకు గాలి విసురుతున్నాడు. చాల్లేరా పడుకో అన్నావు. వినలేదు. విసురుతూనే నిద్రపోయాడు. కళ్ళు మూసుకుపోయాయి, చెయ్యి మాత్రం ఆడుతూనే ఉంది."

దీపం కొంచెం మినుకుమంది.

"ఆ పుస్తకం నేరస్మృతి. వాడి చెమటకి అట్ట రంగు దిగి వాడి అరచెయ్యి ఎర్రగా అయింది. పొద్దున్న అది చూసి రక్తమనుకుని నువ్వు కేకలు పెట్టావు. ఇరుగుపొరుగంతా వచ్చారు."

పచ్చగా వెలిగింది. కాత్యాయని మొహం ఒక్కసారి నలిగిపోయింది. "మా భార్గవ" అంది. "అయ్యో, వాడు అక్కడే ఉన్నాడు. వాడూ నీరజా అక్కడే ఉన్నారు." లేవబోయింది, తీగలు అడ్డొచ్చాయి. కాగితం వైపు చూసింది. మళ్ళీ కూర్చుంది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వాళ్ళమ్మ పోయినప్పుడు రాని కన్నీళ్ళు కూడా అప్పుడే వచ్చినట్టున్నాయి. తలుపు దగ్గర నరహరి తల దించుకుని నిలబడ్డాడు.

"వ్యవధి పోతోందండీ. సంతకం తరవాత పెట్టొచ్చు. మీ సంగతి చూసుకోండి" అని డాక్టర్ నా భుజం మీద చెయ్యి వేసింది.

చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఆవిడ ఏడుస్తూంటే మధ్యలో దూరి 'నేను, నేను' అనడానికి నోరు రాలేదు. ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. చివరికి కళ్ళు తుడుచుకుని కలం అడిగింది. కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఒక్క మాట కూడా మార్చలేదు. సంతకం వంకరపోయింది గానీ, సంతకమే అది.

అప్పుడు నేను మొదలుపెట్టాను. పెళ్ళైన కొత్తలో నేను రేడియోలో ఒక ఊరి పేరు తప్పు చదివితే, ఇంటికొచ్చేసరికి వీధి తలుపు మీద సుద్దతో ఆ పేరు సరిగ్గా రాసి పెట్టి, కిటికీ వెనకనుంచి చూసి నవ్విన సంగతి చెప్పాను. టైఫాయిడ్‌లో నేను ఒంటిమీద తెలివి లేకుండా వార్తలు చదువుతూంటే, రాత్రంతా పక్కన కూర్చుని విన్నదని చెప్పాను. ఫ్యాను వేగం కోసం ఇన్నేళ్ళుగా మేం పోట్లాడుకోని రోజు లేదని చెప్పాను. గొంతు పెరిగింది, తరిగింది. ఎలా పడితే అలా పోయింది.

"అవునండీ, అన్నీ గుర్తున్నాయి" అంది కాత్యాయని. "చెప్పండి, వింటున్నాను."

దీపం వెలగలేదు. ఉదయభాను తీగలు తీసేటప్పుడు ఏడ్చింది. ఆవిడ డాక్టరు, ఏడవకూడదు.

*

సెర్మోరా అన్నంత పనీ చేసింది. ఓడలు ఆగాయి. మండలి బలగాలు జలాశయం తలుపులు తీయించాయి, ఆ ఊరికి నీళ్ళు వెళ్ళాయి. అది వార్తల్లో ఒక్క వాక్యం. మిగతావన్నీ మన సంగతులే. సొసైటీల ముందు రైతులు పొటాష్ కోసం బారులు కట్టారు. ఎవరో మా గేటుకి ఖాళీ ఎరువు సంచి ఒకటి కట్టి వెళ్ళారు. వాకింగ్‌లో నన్ను ఎవరూ ఆపడం లేదు. నేనే విప్పి మడిచి లోపల పెట్టాను ఆ సంచిని. కట్టినవాడి మీద కోపం రాలేదు, వాడికీ పొలం ఉండి ఉంటుంది.

వెళ్ళగొట్టిన మనవాళ్ళని ఎక్కించుకుని ఓడ విశాఖ రేవుకి వచ్చింది. భార్గవ ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో నీరజని పట్టుకుని దిగాడు. కాత్యాయని జనాన్ని తోసుకుంటూ వెళ్ళి వాణ్ణి వాటేసుకుంది. వాడు కొయ్యలా నిలబడ్డాడు.

"సంతకం పెట్టేటప్పుడు మేం గుర్తు రాలేదా అక్కా?"

"గుర్తొచ్చార్రా. గుర్తొచ్చాకే పెట్టాను."

వాడు అక్క చేతులు విడిపించుకోలేదు. వాళ్ళ క్యాంపులో పలాస కుర్రాడొకడు అల్లర్లలో దెబ్బలు తిని అక్కడే పోయాడని దారిలో నీరజ చెప్పింది. ఆ కుర్రాడి తల్లిని చూడ్డానికి అక్కాతమ్ముళ్ళు మర్నాడే పలాస వెళ్ళారు. ఆవిడ వీళ్ళకి మంచినీళ్ళు ఇచ్చి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుందట. నెల తిరక్కుండా భార్గవకి కాకినాడలో చిన్న ఉద్యోగం దొరికింది. అక్కతో మాట్లాడుతున్నాడు. వాడికోసం ఆవిడా రోజూ ఫోన్ దగ్గరే.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. కాత్యాయని నాకు ఏ లోటూ చెయ్యదు. మందులు వేళకి ఇస్తుంది. కూరలో ఉప్పు నాకు తగ్గించి వేస్తుంది. ఫ్యాను ఎంత వేగం కావాలో నన్ను అడిగి, అంతే పెడుతుంది. పోట్లాట లేదు. నేను కావాలని గొడవ పెట్టుకుంటే "మీరన్నది నిజమే" అంటుంది. ఆ మాట వినలేక ఒకసారి కంచం ముందునుంచి లేచిపోయాను.

నిన్న సాయంత్రం వరండాలో కూర్చున్నాం. ఉన్నట్టుండి అడిగింది.

"ఆ రోజు మీరు మిమ్మల్ని ముందు పిలుచుకోవచ్చుగా. నేను సంతకం పెట్టేదాన్నే. ఆ ఊరికి నీళ్ళూ వెళ్ళేవి. ఎందుకు పిలుచుకోలేదు?"

"నువ్వు కోరుకున్న తీర్పు అది కాదుగా."

నేను వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. పిల్లలు ఆట ముగించి ఇళ్ళకి పోతున్నారు.

"నేను అన్నీ ఆలోచించానండీ" అంది చివరికి. "ఈ మొత్తం వ్యవహారంలో మీకు అన్యాయం జరిగింది. నాకు మీరేమీ కాకపోయినా ఆ సంగతి తెలుస్తోంది. ఎవరైనా తీర్పు చెప్పమంటే నేను మీ పక్షానే చెబుతాను."

ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూస్తూ చెప్పింది. అబద్ధమాడే మొహం కాదు అది. అంత నిజమైన మాట నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అంత ఒంటరితనం కూడా నేను ఎన్నడూ ఎరగను.

"తీర్పు సరే. అమలు చేసేదెవరు?" అన్నాను, నవ్వుతుందేమోనని.

కాత్యాయని నవ్వలేదు. "అదే ఆలోచిస్తున్నానండీ" అంది.